చిలక ముక్కు ఎరుపు

అనగనగా కుంకుమావతి పట్టణంలో ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు సుధన్వుడికి అన్నీ అనుమానాలే. వెన్నెల కాసినా, ఎవరు వెల్ల వేశారని అడిగేవాడు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు హేమాంగి అనే రాజకుమార్తెను చెరపట్టి రంగులు నూరిస్తున్నాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. అన్నల కోసం సుధన్వుడు బయలుదేరాడు. ఓడలో కడుపు తిప్పితే వాసన చూసుకుందామని ఒక నిమ్మకాయ వెంట పెట్టుకున్నాడు.

కోటగోడ మీద అన్నలిద్దరూ బొమ్మలై ఉన్నారు. సుధన్వుడు దగ్గరికి వెళ్ళి తడిమి చూశాడు. అంతలో తోక బోడిగా ఉన్న ఉడుత ఒకటి దిగివచ్చింది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందనీ, పంజరంలో మూడు కనిపించినా రెండు రంగు పూసిన గోరింకలేననీ, తప్పుదాని మెడ నులిమినవాడు గోడమీద బొమ్మవుతాడనీ చెప్పింది.

"నా మీద నీకెందుకింత ప్రేమ?" అన్నాడు సుధన్వుడు.

"ప్రేమా పాడా. వాడి కుంచెలన్నీ నా తోక వెంట్రుకలే నాయనా."

ఆ మాట కొంచెం నమ్మాడు. మాంత్రికుడు వేటకు పోవడం చూసి లోపలికి వెళ్ళాడు. పంజరం పక్కన రంగులు నూరుతున్న హేమాంగి, చివరిదాన్ని చంపమని సైగ చేసింది. వాడి ఇంట ఉన్న మనిషిని నమ్మడమెలా? ఆమె వేళ్ళు చూశాడు. పసుపు, సున్నం. రెండూ కలిస్తే ఎరుపు. దిష్టి తీసే ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. ఆ ఎరుపుకు పులుపు తగిలితే మళ్ళీ పసుపే.

నిమ్మకాయ కోసి మూడు ముక్కుల మీదా పిండాడు. మొదటి ముక్కు పసుపుపచ్చబడింది. రెండోదీ పచ్చబడింది. చివరిది ఎర్రగానే ఉంది. దాని మెడ పట్టుకున్నాడు.

"తమ్ముడూ, ఆగు. ఇందులో ఉన్నది నేను" అంది చిలక, అచ్చం పెద్దన్న గొంతుతో.

సుధన్వుడు పట్టు సడలించాడు. కానీ బుద్ధెరిగాక పెద్దన్న తనను తమ్ముడూ అన్నదెప్పుడు? 'ఒరేయ్ సందేహం' అనడమే కదా. కళ్ళు మూసుకుని నులిమేశాడు.

అడవిలో కరాళుడు కూలాడు. అన్నలు సున్నపు పెచ్చులు దులుపుకుంటూ గోడ దిగారు. తమ ప్రాణం నిలిపినవాడికే పిల్లనివ్వాలన్నారు. సుధన్వుడు మాత్రం దూరంగా నిలబడ్డాడు.

"నువ్వు వాడి మనిషివి కావని నమ్మకమేమిటి?"

"ఏమీ లేదు" అంది హేమాంగి. "పెళ్ళాడి చూసుకో."

పెళ్ళాడాడు. మామగారి రాజ్యం యాభై ఏళ్ళు ఏలాడు, ఏడుగురు బిడ్డల్ని ఎత్తుకున్నాడు. ఇంకా చూసుకుంటూనే ఉన్నాడట.