వంతెన కన్నా ముందు సంతాపం

అనగనగా ఒక చిట్టడవి, ఆ అడవికి ఒక కౌన్సిల్. అందరి పనులూ మేమే చేస్తామని చెప్పి, ఎత్తైన బండ ఎక్కి కూర్చునేవాళ్ళను అక్కడ కౌన్సిల్ అనేవారు. అడవిదున్న వీరభద్రం చైర్మన్. కోతి, నెమలి సభ్యులు. కాగితాలు చదివేది కొంగ.

అడవి మధ్యలో లోతైన వాగు ఉంది. బొరియలన్నీ ఇవతల, దుంపలూ పళ్ళూ అవతల. దాటడానికి ఒకే ఒక తాటిదుంగ. అది పుచ్చిపోయింది. కౌన్సిల్‌కి ఆ సంగతి పట్టలేదు. నెమలీ కొంగా ఎగిరి దాటేవి. కోతి కొమ్మలు పట్టుకుని పోయేది. దున్నకి ఇవతలే మేత ఉంది.

ఒకరోజు పైడమ్మ అనే ముళ్ళపంది బండ దగ్గరికి వచ్చింది.

"ఆ దుంగ మార్చండి బాబూ. నా పిల్లలిద్దరూ రోజూ దాని మీదే నడుస్తారు," అంది.

"తప్పకుండా! వచ్చే సమావేశంలో మొదటి అంశం అదే," అన్నాడు చైర్మన్.

సమావేశం పదిహేను రోజులకొకసారి జరిగేది. దానికో నియమం ఉంది. అడవిలో ఎవరైనా పోతే ముందు సంతాపం చదవాలి. పోయినవారి మీద గౌరవంతో ఆ రోజు ఇంకే పనీ చెయ్యకూడదు.

సమావేశానికి ముందు రోజు దుప్పి ఎర్రన్న ఆ దుంగ మీంచి జారి వాగులో పడి చనిపోయాడు.

మర్నాడు సమావేశంలో కౌన్సిల్ అంతా లేచి నిలబడింది. "ఎర్రన్న మరణం అడవికి తీరని లోటు. ఆయన చిరునవ్వు మరువలేనిది," అని కొంగ చదివింది. నెమలి కళ్ళు ఒత్తుకుంది.

"ఎంత బాగా రాశారో!" అని అడవిపంది పోతయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అయ్యా, దుంగ సంగతి..." అంది పైడమ్మ.

"ఒకరు పోయిన రోజున పనుల మాటా? సిగ్గుగా లేదూ?" అని కోతి కసిరింది.

పైడమ్మకి నిజంగానే సిగ్గేసింది. తల దించుకుని ఇంటికి పోయింది. ఎర్రన్న దేని మీంచి పడ్డాడని ఒక్కరూ అడగలేదు.

రెండో సమావేశం వచ్చింది. ఈలోగా కుందేలు చుక్కమ్మ అదే దుంగ మీంచి పడిపోయింది. కొంగ పాత కాగితమే తీసింది.

"ఎర్రన్న మరణం అడవికి తీరని లోటు..."

"పోయింది మా అక్క చుక్కమ్మండీ!" అంది ఒక కుందేలు.

"ఆ, ఆవిడే. చుక్కమ్మ. ఆయన చిరునవ్వు మరువలేనిది," అని కొంగ ముగించింది.

"దుంగ..." అని పైడమ్మ నోరు తెరిచింది.

"ఇంకో పదిహేను రోజులు ఓపిక పట్టలేవా తల్లీ?" అన్నాడు చైర్మన్.

పైడమ్మ పట్టింది. అడవంతా ఓపిక పట్టింది. పుచ్చిన దుంగకి మాత్రం ఓపిక లేదు.

మూడో సమావేశానికి రెండు రోజుల ముందు పైడమ్మ మొగుడు సింగన్న పిల్లలను ఒడ్డునే ఆపాడు. "ముందు నేను నడిచి చూస్తాను, మీరు కదలకండి," అన్నాడు. నడిచాడు. దుంగ రెండు ముక్కలైంది. సింగన్నా పోయాడు, దారీ పోయింది. పిల్లలు పస్తులున్నారు.

సమావేశంలో అందరూ లేచి నిలబడ్డారు. కొంగ గొంతు సవరించుకుంది.

"కూర్చోండి," అంది పైడమ్మ.

"అదేమిటమ్మా! నీ భర్తకే కదా గౌరవం!" అన్నాడు చైర్మన్.

"అయితే ఆయన పేరు చెప్పండి. కాగితం చూడకుండా చెప్పండి."

చైర్మన్ కొంగ వైపు చూశాడు. కొంగ కాగితం వైపు చూసింది. అందులో ఇంకా ఎర్రన్నే ఉన్నాడు.

"సింగన్న," అంది పైడమ్మ. "దుంపలో మెత్తటి ముక్క పిల్లలకి పెట్టి, పీచు తను నమిలేవాడు. అది మీ కాగితంలో ఉందా? మీరు మరిచిపోతే పోయారు, నేను మరిచిపోను. మొదటి అంశం చదవండి."

"నియమం ఒప్పుకోదు!" అని కోతి అరిచింది.

"సమావేశం వాయిదా!" అన్నాడు చైర్మన్.

పైడమ్మ ఇక వాళ్ళ వైపు చూడలేదు. వెనక్కి తిరిగింది.

"పోతయ్య బావా, ఆ ఏడుపు ఆపు. వాగు ఒడ్డున గాలికి పడిపోయిన మద్దిచెట్టు ఉంది. నీ ముట్టె గట్టిదేగా?"

"అది కౌన్సిల్ పని కదే పైడమ్మా! మనం చెయ్యొచ్చంటావా?"

"నా పిల్లలు తిని రెండు రోజులైంది. ఎవరి పనైతే నాకేం?"

పోతయ్య ముక్కు తుడుచుకుని లేచాడు. అతని వెనక పందులన్నీ లేచాయి. ముళ్ళపందులు కొమ్మలు కొరికాయి. దుప్పులు కొమ్ములతో నెట్టాయి. పందులు దొర్లించాయి. మధ్యాహ్నానికల్లా మద్దిమాను వాగుకి అడ్డంగా పడింది. మూడు ప్రాణాలు పోయేదాకా వాయిదా వేసిన పని ఒక్క పూట పని!

తరవాతి సమావేశం వచ్చింది.

"ఈసారి ఎవరు పోయారు?" అన్నాడు చైర్మన్.

"ఎవరూ లేరండి," అంది కొంగ.

"సరిగ్గా కనుక్కున్నావా?"

"కనుక్కున్నానండి."

ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చేసేది లేక మొదటి అంశం తీశారు. పొద్దు గూకేదాకా మాట్లాడి, అనుమతి లేకుండా వంతెన వేసినందుకు పైడమ్మకి నోటీసు రాశారు.

మర్నాడు బంట్రోతు ముంగిస ఆ నోటీసు పట్టుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళింది. పైడమ్మ పిల్లలతో దుంపలు తవ్వుతోంది.

"నీ వంతెనకి అనుమతి లేదట. దాని మీద ఎవరూ నడవకూడదట," అంది ముంగిస.

"మరి నువ్వెలా వచ్చావురా ఇక్కడికి?"

ముంగిస నేల చూపులు చూసింది. "దాని మీదే."

పిల్లలు పకపకా నవ్వారు. పైడమ్మ ఒక దుంప ముక్క విరిచి ముంగిస చేతిలో పెట్టింది.

"తిని, దాని మీదే పో."

"కౌన్సిల్‌కి ఏమని చెప్పమంటావు?"

"నువ్వు క్షేమంగా తిరిగొచ్చావని చెప్పు," అంది పైడమ్మ.

నీతి: పోయినవారికి గౌరవమంటే లేచి నిలబడి తల వంచడం కాదు, వాళ్ళు పోయిన చోట ఇంకొకరు పోకుండా చూడడం.