గోగు వంతు

అనగనగా, మనుషులింకా గడ్డి మేతకు పుల్లరి వసూలు చేయడం నేర్వని రోజుల్లో, ఒక గడ్డిబీడులో కౌజుపిట్టల మంద ఉండేది.

ఆ మందకు ఒక కట్టడి ఉంది. పొద్దు వాలే వేళ పెద్దకౌజు రాయెక్కి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తాడు. ప్రతి పిల్లా తన గొంతుతో తాను పలకాలి. పలకని పిల్ల తప్పిపోయినట్టు లెక్క. దొరికేదాకా మందంతా వెతకాలి. కట్టడి అంటే అట్లా ఉండాలి.

సింగారి అనే తల్లికౌజుకు గోగు ఒక్కడే కొడుకు. తోటి పిల్లలు కూతలు పెడుతుంటే వాడు నోరు తెరిచి ఊరుకునేవాడు. గింజ పట్టబోతే ముక్కులోంచి జారిపోయేది. నలుగురిలో తలవంపులని సింగారే గొంతు సన్నం చేసి వాడి వంతు పలికేసేది. గింజ కూడా తానే నోట్లో పెట్టేది.

రేగుచెట్టు మీది ముసలి గోరింక ఇది కనిపెట్టింది.

"సింగారీ, పొద్దున పూట వాణ్ణి నా దగ్గర వదలవే. దూదిపింజలు ఊదిస్తాను, పుల్లలు ఏరిస్తాను. ఆటలోనే గొంతు పెగులుతుంది."

"వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే కూశాడత్తా. అదే వస్తుంది."

కొన్నాళ్ళాగి గోరింక మళ్ళీ అడిగింది.

"మా వంశంలో మూగవాళ్ళు లేరు," అని ముఖం తిప్పుకుంది సింగారి.

గడ్డి ఎండాక మూడోసారి అడిగింది. పక్కనున్న కౌజమ్మలు నవ్వారు. "కూతలు నేర్పే బడంట. ముసలిదానికి పొద్దుపోక పెట్టిందిలే." ఆ నవ్విన ముక్కులేవో కథ చెప్పే నాకింకా గుర్తే. సింగారి కూడా వాళ్ళతో కలిసి నవ్వింది.

ఆ ఎండల్లోనే బీడుకు నిప్పంటుకుంది.

మంద పొగలో చెదిరి వాగు అవతల వాలింది. పెద్దకౌజు పిలుపు మొదలుపెట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే పలికారు. గోగు వంతు వచ్చింది. వాడు వెనకే ఉన్నాడనుకుని, అలవాటు చొప్పున సింగారి పలికేసింది.

"అందరూ చేరారు. పదండి," అన్నాడు పెద్దకౌజు.

సింగారి వెనక్కి చూసింది. గోగు లేడు.

"మామా, నా బిడ్డ లేడు."

"ఇప్పుడేగా పలికాడు."

"వాడు కాదు మామా. నేను. ఎప్పుడూ నేనే."

మంటలు బీడు వైపు గట్టుకు వచ్చేశాయి. అడగకుండానే గోరింక పొగలోకి ఎగిరింది. గోగూ, గోగూ అని పిలుస్తూ వాడి మీదుగానే ఎగిరిపోయింది, తిరిగొచ్చింది. వాడు విన్నాడు. పలకలేకపోయాడు. చివరికి రాళ్ళ సందులో దొరికేసరికి వాడి రెక్క ఒకటి కాలిపోయింది.

సింగారి ఇక నవ్వలేదు. రోజూ వాణ్ణి రేగుచెట్టు కిందికి నడిపించుకొచ్చేది. గోరింక పిలిచి, ఓపిగ్గా ఆగేది. ఆ ఆగడమే సింగారికి కష్టమైంది. బిడ్డ వంతు పలక్కుండా ముక్కు మట్టిలో గుచ్చుకుని కూర్చునేది.

వానలు వచ్చి, గడ్డి మళ్ళీ లేచింది. ఒక సాయంత్రం పెద్దకౌజు గోగును పిలిచాడు. మంద చాలాసేపు కాచుకుంది.

"కీ."

విరిగిన కూతే. వాడిదే.

"ఉన్నాడు," అన్నాడు పెద్దకౌజు.

ఆ రెక్క మాత్రం మళ్ళీ లేవలేదు.

బిడ్డ కొరతను పరువు కోసం దాచిపెడితే, ఆపదవేళ బిడ్డే కనబడకుండా పోతాడు.