పది చెరువుల్లో మోగిన కూత

అనగనగా అడవి నడుమ ఓ పెద్ద చెరువు. ఆ చెరువులో ఓ జమ్ము దిబ్బ. దాని మీద ముక్కెర అనే నీటికోడి ఉండేది.

గట్టు మీది నెమలిరాజు ఆ దిబ్బా తనదేనంటూ ఓ హుకుం జారీ చేశాడు. తెల్లారితే ప్రతి పిట్టా నెమలిలాగే కూయాలట! నీటికోడి గొంతుకు ఆ కూత ఎక్కడ అబ్బుతుంది, చెప్పండి? ముక్కెర తల్లి సొంత కూత ఒక్కసారైనా గట్టిగా కూయకుండానే కన్నుమూసింది.

"మన దిబ్బ మనదైన రోజు నా బదులు నువ్వు కూయవే తల్లీ" అంది పోతూ పోతూ.

చలికాలం రాగానే ఉత్తరాది బాతులు వచ్చి వాలాయి. ముక్కెర గోడు విని కళ్లనీళ్లు పెట్టుకున్నాయి.

"మేమున్నాం చెల్లెమ్మా! పది చెరువుల్లో చాటుతాం" అంది పెద్దబాతు.

అన్నట్టే చాటాయి. ఒక చెరువు కొంగలు రాజుకు చీవాట్లు పంపాయి. ఇంకో చెరువు హంసలు మాటలు మానేశాయి. మూడో చెరువు పిట్టలైతే రాజుగారింటి పెళ్లికే రామన్నాయి! రాజు పరువు పోతుందని జంకి దిబ్బ వదిలి వెనక్కి తగ్గాడు.

"ఇక ఈ దిబ్బ మాదే!" అని ముక్కెర గొంతెత్తి కూసింది.

దిబ్బ మీదే ఉండే తాబేలు తాత మెల్లగా వచ్చాడు.

"అమ్మాయ్, వేసవికి నీళ్లు ఇంకిపోతాయి. నెమళ్లు నడిచే వచ్చేస్తాయి. ఇప్పుడే చుట్టూ లోతుగా తవ్వుకుందాం. మావాళ్లను నువ్వొచ్చి ఓ మాట అడుగు."

"బాతన్నలుండగా ఆ బురద పనెందుకు తాతా?" అంది ముక్కెర. చలికాలమంతా బాతుల భాష నేర్చుకుంటూ గడిపింది. తాబేళ్ల గడప ఒక్కసారీ తొక్కలేదు.

ఎండలు ముదిరాయి. బాతులు వెళ్లిపోయాయి. తాబేళ్లు మట్టిలో దూరి పడుకున్నాయి. నెమళ్లు కాలికి తడి అంటకుండా నడిచొచ్చి, మళ్లీ ఆ పాత హుకుమే నడిపించాయి. ముక్కెర గొంతు మళ్లీ మూగబోయింది.

మరుసటి చలికాలం బాతులు సంబరంగా దిగాయి.

"చెల్లెమ్మా, నీ కూత మా పిల్లలందరికీ వచ్చు!"

బాతుపిల్లలన్నీ ఒక్కసారిగా కూశాయి. ముక్కెరకు అమ్మ గుర్తొచ్చి దుఃఖం ఆగలేదు. పది చెరువుల్లో మోగుతున్న ఆ కూత, అమ్మ పోయిన దిబ్బ మీద మాత్రం లేదు.

కళ్లు తుడుచుకుని నేరుగా తాబేలు తాత దగ్గరికి నడిచింది.

"తాతా, ఎక్కణ్ణుంచి తవ్వుదాం?"

నీతి: మన గోడు లోకానికి చాటడానికి దూరపు స్నేహితులు కావాలి. మన నేల నిలుపుకోవడానికి మాత్రం పక్కనున్నవాళ్లతో చేయి కలపాలి.