ప్రవక్త బిడ్డల పేర్లు

దేవుని మాట వినే ప్రవక్తలు కూడా అందరిలాగే పెళ్లాడి, పిల్లల్ని కని, కాపురాలు చేసుకున్న కాలమొకటి ఉండేది. ఆ కాలంలో ఎడారి అంచున, ఒక కొండపట్నంలో యెజ్రాహు అనే ప్రవక్త ఉండేవాడు. అతని భార్య హొగ్లా.

ఆ పట్నపు రాజు కోపిష్ఠి. చెడు కబురు తెచ్చినవాణ్ణి చెరలో వేయించేవాడు. అందుకని యెజ్రాహు ఒక ఉపాయం చేశాడు. దేవుడు చెప్పిన మాటనే బిడ్డకు పేరుగా పెట్టేవాడు. తల్లి వీధిలో నిలబడి బిడ్డను పిలిచినప్పుడల్లా ఆ మాట ఊరంతా వినేది. మెల్లగా రాజు చెవిన కూడా పడేది.

పెద్దకొడుకు పేరు ‘కరువొస్తుంది’. కరువు వచ్చింది. ఆనాటి నుంచి ఆ పిల్లవాడు కనబడితే చాలు, బావి దగ్గర ఆడవాళ్లు కడవలు పక్కకు జరుపుకునేవారు.

కూతురి పేరు ‘మిడతలొస్తాయి’. మిడతలూ వచ్చాయి. ఆ పిల్లను ఎవరూ పెళ్లివిందుకు రానివ్వలేదు. “నువ్వు అటు పోవే, మా చేలో ఇంకా నాలుగు గింజలున్నాయి” అని తోటిపిల్లలు ఏడిపించేవారు.

హొగ్లాకు మూడో బిడ్డ పుట్టాడు. ఎనిమిదో నాడు పేరు పెట్టడం వారి ఆచారం. ఆ రోజు దగ్గరపడేకొద్దీ ఆమెకు రొట్టె సహించలేదు. మళ్లీ ఏదో మాట వచ్చిందని భర్త ముఖమే చెబుతోంది.

చుట్టాలు వచ్చి కూర్చున్నారు. యెజ్రాహు బిడ్డ కోసం చేతులు చాచాడు. హొగ్లా ఇవ్వలేదు. ఏం పేరని అడిగింది.

“కోట కూలుతుంది” అన్నాడతను.

చుట్టాలు ఒక్కొక్కరే లేచి చెప్పులు వెతుక్కున్నారు.

హొగ్లా బిడ్డను ఇంకా దగ్గరకు హత్తుకుంది. “మాట దేవుడు చెప్పాడు, సరే. దాన్ని బిడ్డకు పేరుగా పెట్టమని కూడా ఆయనే చెప్పాడా?”

ప్రవక్త అబద్ధమాడలేడు. “లేదు. రాజుకు చెప్పమన్నాడు. నాకు భయం వేసింది.”

“పెద్దవారు, మీకే అంత భయమైతే పసివాడు ఎలా మోస్తాడండీ?”

యెజ్రాహు కోటకు బయలుదేరాడు. హొగ్లా ముగ్గురు పిల్లల్నీ దగ్గరకు లాక్కుని గడపలో కూర్చుంది. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, భటులే అనుకుని ఉలిక్కిపడేది.

కోటలో రాజు మండిపడ్డాడు. సంకెళ్లు తెమ్మన్నాడు. ప్రవక్త మాట మార్చలేదు. “కోట తూర్పు గోడ కూలుతుంది ప్రభూ. ఈ మాట చెప్పవలసినవాణ్ణి నేను. నా బిడ్డ కాదు” అన్నాడు.

సంకెళ్లు ఎదురుగా ఉన్నా కదలని మనిషిని రాజు అంతవరకు చూడలేదు. అనుమానం వచ్చి మేస్త్రీలను పంపాడు. గోడ పునాది లోపలే గుల్లయి ఉంది. రాజు ప్రవక్తను విడిచిపెట్టి అన్నాడు: “కరువు మాట కూడా ఇలాగే వచ్చి చెప్పవలసింది. గాదెలు నింపుకునేవాళ్లం. పేర్లు విని జనం నీ పిల్లల్ని తప్పించుకున్నారు గాని, కరువును తప్పించుకోలేదు.”

యెజ్రాహు తలవంచుకుని ఇల్లు చేరాడు. ముగ్గురికీ పేర్లు పెట్టమని భార్యనే అడిగాడు. కూతురికి ‘నయమా’ అని, అంటే ‘ఇంపైనది’ అని పేరొచ్చింది. ఆ పిల్ల వీధి చివరికి పరుగెత్తి, తన పేరు తానే గట్టిగా పిలుచుకుంది.

భయపడి పెద్దలు దించుకున్న బరువు, ఆ ఇంటి చిన్నవాళ్ల మీదే పడుతుంది.