చింతచెట్ల కింద జముకు

గౌరేసుకు గురువు మీద కోపం వచ్చింది. కోపం అనడం కన్నా ఉక్రోషం అనడం సరైన మాట. గురువు మీద కోపం తెచ్చుకునేంత ధైర్యం అతనికి ఎక్కడిది?

జముకుల కథ చెప్పే అసిరయ్య దగ్గర చిన్నప్పటి నుంచీ వంత పాడుతూ పెరిగినవాడు గౌరేసు. ఆ ఏడాది సొంతంగా ఒక కథ కట్టాడు. ఏటా తొలకరికి ఎక్కడినుంచో ఎగిరొచ్చి, జొన్నపేట చింతచెట్ల మీద గూళ్ళు పెట్టి, పిల్లలు పెద్దవి కాగానే వాటిని తీసుకుని వెళ్ళిపోయే కొంగల కథ అది. అందులో ఊరిజనం మేళతాళాలతో పిట్టలకు ఎదురెళ్తారు. తర్వాత వేటగాడు వస్తాడు. తల్లికొంగ మీదకు తుపాకీ ఎక్కుపెడతాడు.

అక్కడ గౌరేసు జముకు తీగను బిగలాగి, తుపాకీ పేలినట్టు ఒక్క మీటు మీటేవాడు. ఆ మోతకు వెనక వరసలో కునికిపాట్లు పడేవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్ళు. వెంటనే చప్పట్లు, ఈలలు. ఎక్కడ చెప్పినా అంతే. పట్నంలో పెద్దమనుషులు శాలువా కూడా కప్పారు.

గురువు మాత్రం జముకు ఇవ్వలేదు.

ఆ జముకు అసిరయ్యకు తన గురువు ఇచ్చినది. పాతబడిన గుండ్రటి ఇత్తడి పాత్ర, దాని అడుగున తోలు, తోలు మధ్య నుంచి నరం తీగ. కథ చెప్పే వేళకు గౌరేసు చేతికిచ్చేవాడు. మంగళం పాడగానే తీసుకుని తన భుజానికి తగిలించుకునేవాడు. ఆ చుట్టుపక్కల లెక్క ఒకటే. జముకు భుజాన లేనివాడు ఎన్ని శాలువాలు కప్పించుకున్నా వంతగాడే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగోరూ, నా కథలో తప్పేటి?"

"తప్పేటీ నేదురా."

"మరేటి?"

"జొన్నపేట ఎప్పుడైనా ఎల్లావా?"

"నేదు. ఆ ఊరి సంగతి అందరూ సెప్తారు గదా. ఎల్లాల్నా ఏటి?"

అసిరయ్య లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పద. అక్కడ సెప్పు."

చెప్పిన కథనే, జరిగిన చోటికి వెళ్ళి చెప్పడం ఎందుకో గౌరేసుకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే నడిచాడు.

జొన్నపేట పొలిమేరలో గురువు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని గౌరేసు కూడా విప్పాడు. ఎదురుగా ఒకాయన మోటారుసైకిలు ఆపేసి తోసుకుంటూ వస్తున్నాడు.

"పెట్రోలు అయిపోనాదేటి బావా?" అని గౌరేసు గట్టిగా పలకరించాడు.

ఆయన నోటి మీద వేలు పెట్టుకుని, నవ్వుతూ వెళ్ళిపోయాడు. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందెల వరస కోసం కొట్లాడుకుంటున్నారు. కొట్లాటంతా గుసగుసలే. చేతులు తిప్పుతున్నారు, కళ్ళు ఎర్రజేస్తున్నారు, నోట్లోంచి మాత్రం గాలి తప్ప మరేదీ రావడం లేదు. గౌరేసుకు ఒక్క క్షణం తన చెవుల మీదే అనుమానం వచ్చింది.

వీధి మధ్యలో చింతచెట్లు. ఆకులు కనపడనన్ని గూళ్ళు. కొమ్మలన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టున్నాయి. కింద చచ్చిన నత్తల గుల్లలు, కంపు. గౌరేసు కథలో ఆ వీధంతా సంపెంగల వాసన వేసేది.

ఒక అరుగు మీద తవిటమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. వాళ్ళను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"నెమ్మదిగా బావూ. ఆడపిల్లలు పురిటికొచ్చి ఉన్నారు," అంది పైకి చూపిస్తూ.

"మరి మేళాలు?" అన్నాడు గౌరేసు, గొంతు తగ్గించి.

"ఏ మేళాలు?"

"పిట్టలొచ్చిన రోజున మీరు మేళాలతో ఎదురెల్తారంట గదా."

"పురిటికొచ్చిన పిల్ల సెవి కాడ ఎవులైనా డప్పులు కొట్టిస్తారా నాయినా? ఇవి ఎల్లిపోయేదాకా పెళ్ళి మేళమే మా పొలిమేర దాటి లోపలికి రాదు."

పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గౌరేసు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ మేళాల చరణానికే అతను నెలల తరబడి తిప్పలు పడ్డాడు.

ఈలోగా అసిరయ్య అన్నిటికన్నా పెద్ద చెట్టు కింద కండువా పరిచి కూర్చున్నాడు. జముకు శిష్యుడి ఒళ్ళో పెట్టాడు.

"సెప్పు."

ఇంత నిశ్శబ్దంలో కథ ఎలా చెప్పాలి? గురువు ముఖం చూశాడు. గురువు కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ నలుగురూ చేరారు.

గౌరేసు పక్కింటివాళ్ళతో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు. మేళాలు వదిలేశాడు. సంపెంగలు వదిలేశాడు. అక్కడక్కడా తడబడ్డాడు. వేటగాడు వచ్చాడు. తుపాకీ ఎత్తాడు. గౌరేసు వేళ్ళు అలవాటుగా తీగ మీదకు వెళ్ళాయి.

పైన, చేతికందేంత ఎత్తులో, ఒక కొంగ గూటి మీద రెక్కలు చాపి నిలబడి ఉంది. ఎండ పిల్లల మీద పడకుండా అడ్డం నిలబడింది. నోరు తెరుచుకుని రొప్పుతోంది. దాని కాళ్ళ మధ్య నుంచి ఒక పిల్ల తల బయటపెట్టి గౌరేసునే చూస్తోంది.

అతని వేళ్ళు తీగ మీదే ఆగిపోయాయి. గురువు కళ్ళు తెరవలేదు. జనం ఎదురు చూస్తున్నారు. తీగ మీటకపోతే కథ లేదు. మీటితే...

"వేటగాడు... ఇంటికి ఎల్లిపోనాడు," అన్నాడు గౌరేసు.

కథ అక్కడితో అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"పోన్లే, మంచోడే," అంది తవిటమ్మ.

తిరుగుదారిలో గౌరేసు తల తిరిగిపోయింది. ఊరందరి ముందూ కథను కంపు చేసుకున్నాడు. చాలాదూరం నడిచాక అతనికి ఏదో తట్టింది. హమ్మయ్య అనుకున్నాడు.

"తెలిసింది గురువుగోరూ. ఇకమీద ఆ మీటు మీటను."

"తెలిసిపోనాదేటి, అప్పుడే!" అన్నాడు అసిరయ్య.

ఆ సాయంత్రం దారిలో ఉన్న గెడ్డవలసలో కథ ఒప్పుకున్నారు. అక్కడా చింతచెట్లున్నాయి. ఒకప్పుడు అక్కడికీ కొంగలు వచ్చేవట. వచ్చినప్పుడల్లా ఊరివాళ్ళు కొట్టుకు తిన్నారట. తర్వాత రావడం మానేశాయట. ఇప్పుడా చెట్ల కింద శుభ్రంగా ఉంది. జనం చాపలు వేసుకుని కూర్చున్నారు.

గౌరేసు కథ అందుకున్నాడు. మేళాలు లేవు. గుసగుసల కొట్లాట చెప్పాడు, జనం నవ్వారు. గూటి మీద రెక్కలు చాపిన తల్లిని చెప్పాడు. వేటగాడు తుపాకీ ఎత్తాడు. గౌరేసు తీగ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

పక్కన వంతగా కూర్చున్న అసిరయ్య మెల్లగా అన్నాడు.

"కొట్టు."

గౌరేసు బిత్తరపోయి చూశాడు.

"వద్దన్నారు గదా!"

"నానెప్పుడన్నాను? కొట్టరా."

ఈ మనిషికి ఏం కావాలి? ఒళ్ళు మండింది, భయం వేసింది, ఏడుపు వచ్చింది. తీగను బిగలాగాడు. కళ్ళ ముందు ఆ చాపిన రెక్కలున్నాయి. మీటాడు.

అదే తీగ, అవే వేళ్ళు. కానీ ఆ మోతకు ముందుగా ఉలిక్కిపడింది గౌరేసే.

చప్పట్లు లేవు. ఒక తల్లి పిల్లాడి తలను గుండెకు అదుముకుంది. ముందు ఒక ముసలాయన తల పైకెత్తాడు. తర్వాత మరొకరు. చూస్తుండగా ఆ జనమంతా తలలెత్తి ఖాళీ చింతకొమ్మల వైపు చూస్తూ ఉండిపోయారు.

గౌరేసుకు తర్వాతి చరణం రాలేదు. అసిరయ్యే అందుకుని, వంతపాటగాడి గొంతుతో, మంగళం దాకా పాడాడు.

జనం ఎవరి చాప వాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయారు. గౌరేసు జముకు రెండు చేతులా పట్టుకుని గురువు ముందుకు చాపాడు.

"పాడు సేసీసినాను గురువుగోరూ. ఒక్కరూ సప్పట్లు కొట్టనేదు."

అసిరయ్య దాన్ని తీసుకోలేదు. చెప్పులు తొడుక్కుని దారి పట్టాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగాడు.

"నువ్వే మొయ్యి," అన్నాడు. "ఇకనుంచి అది బరువుగా ఉంటాది."