పొడి ఎక్కువైన గాజు

కాశింబి మణికట్టు కాలింది. అదీ హుసేనప్ప చేసిన లక్కగాజు వల్లే.

ఆమె దర్గా వెనక సందులో తందూరు పెట్టుకుని రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఆ సెగకు గాజు మెత్తబడి, జారి, చర్మానికి అతుక్కుంది. పీకితే తోలు కూడా వచ్చింది. ఆ సంగతి విన్నప్పటి నుంచి హుసేనప్పకు అన్నం సహించలేదు.

దర్గాలో లక్కగాజులు చేసుకుంటూ బతికే కమాల్ బాబాకు అతను శిష్యుడు. నమాజూ ఆయన దగ్గరే నేర్చాడు, లక్క సాగదీయడమూ ఆయన దగ్గరే నేర్చాడు.

"నిప్పుకు లొంగని గాజు చేస్తా బాబా. అది కాశింబక్క చేతికి తొడిగితేనే నా తప్పు తీరేది" అన్నాడు.

బాబా కుంపటి అతని ముందుకు జరిపాడు.

లక్కలో పలుగురాతి పొడి కలపడం వాళ్ల పనిలో ఉన్నదే. పొడి పడితేనే గాజు గట్టిపడుతుంది, సెగకు కాస్త నిలుస్తుంది. మనవాడు పిడికిళ్లకు పిడికిళ్లు గుమ్మరించాడు. లక్క కంటే పొడే ఎక్కువైంది. ముద్ద సాగనని మొరాయించినా వదల్లేదు, నానా తిప్పలు పడి గాజులు చుట్టాడు. ఒకటి తీసి కుంపటి అంచున పెట్టాడు. పక్కన పెట్టిన పాత గాజు చూస్తుండగానే వాలిపోయింది. కొత్తది కదల్లేదు, మెదల్లేదు!

ఇంక చూడాలి అతని మురిపెం. గాజులు పళ్లెంలో పేర్చి బాబా ముందు పెట్టి, "ఇన్నేళ్లూ పొడి తక్కువేసి చెడ్డాం బాబా" అనేశాడు. గురువుతో అనే మాటేనా అది?

బాబా కోప్పడలేదు. ఒక గాజు చేతిలోకి తీసుకున్నాడు.

"కాశింబి రొట్టె ఎట్లా వేస్తుంది అబ్బీ?"

"ఎట్లా ఏముంది బాబా! తందూరులో చెయ్యి పెట్టి గోడకు చరుస్తుంది."

బాబా ఆ గాజు తన చేతికే ఎక్కించుకున్నాడు. ఉపవాసాలతో ఎండిపోయిన చెయ్యి, ఇట్టే పట్టింది. ముసలాయనకు గాజేమిటని హుసేనప్పకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మూతి మీద ఉండగానే బాబా చెయ్యెత్తి, రొట్టె చరిచినట్టే, రాతి అరుగు అంచున చరిచాడు.

ఠప్పుమంది. గాజు ముక్కలైంది. ఒక ముక్క మణికట్టులో దిగబడి, నెత్తురు బొటబొటా కారింది.

"అయ్యో బాబా! ఎంత పని చేశారు!"

హుసేనప్ప తలగుడ్డ విప్పి కట్టబోతే, బాబా చెయ్యివ్వలేదు.

సరిగ్గా అప్పుడే, కొత్త గాజుల మాట విని కాశింబి వచ్చింది. మణికట్టుకు గుడ్డ కట్టుకుని ఉంది. కింద ముక్కలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గాజు పగిలిందన్న మాట వాళ్ల ఇళ్లల్లో నోటితో అనరు, చల్లబడిందంటారు.

"యా అల్లా! చల్లబడిందా?" అంది.

హుసేనప్ప ఇద్దరి చేతుల వంకా చూశాడు. కాలిన చెయ్యి ఒకటి, తెగిన చెయ్యి ఒకటి. రెండూ తన పనే.

ఆమెకేం తెలుసు పాపం, బాబా నెత్తురు చూడనేలేదు, కాలని చెయ్యి ముందుకు చాపింది. "పోనీలే తమ్ముడూ, మిగిలినవి తొడుగు. తందూరు రగులుతోంది."

హుసేనప్ప పళ్లెం వీపు వెనక్కి లాక్కున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చాపాడు బాబా, కట్టు కట్టమని, తన చెయ్యి.

"నిప్పు సంగతి గాజుకు బాగా నేర్పావు అబ్బీ" అన్నాడు. "చెయ్యి సంగతి చెప్పలేదు."