దొండపాటి వారి మినప్పప్పు

వినండర్రా, మధ్యలో ఎవరూ లేవకండి. లేచి వెళ్ళొచ్చినవాళ్ళ కోసం నేను మళ్ళీ మొదట్నించీ చెప్పను.

సామర్లకోటలో రైలు గేటు దాటాక దొండపాటి వారిల్లు ఉంది. ఆ ఇంట్లోవాళ్ళకి తెలివి బాగా ఎక్కువ. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అంటారు. "మనవి మామూలు బుర్రలు కావురా" అని ఇంటిపెద్ద గవర్రాజు పొద్దున్నే కాఫీ తాగుతూ కొడుకులిద్దరికీ రోజూ గుర్తుచేస్తాడు. వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కా కింద దాచుకుని, తాను తడిసి ముద్దయి ఇంటికొచ్చే మనిషి మరి! ఆయన భార్య పల్లాలమ్మ ఇంకా గట్టిది. పాలు పొంగుతుంటే పొయ్యి కట్టెయ్యదు, ఇంకా పెద్ద గిన్నె కొనుక్కురావడానికి బజారుకి పరిగెడుతుంది. పెద్దాడు వీర్రాజు, చిన్నాడు నూకరాజు అమ్మానాన్నల్ని మించిపోయారు.

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది వీర్రాజు పెళ్ళాం మంగతాయారు. పాపం, ఆ పిల్లకి మామూలు తెలివే ఉంది. "పోనీలే అమ్మా, మాతో ఉంటే అదే వస్తుంది" అని అత్తగారు ఓదారుస్తూ ఉండేది.

మంగతాయారుకి నెలలు నిండుతున్నాయి. పురిటికి తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ రాఘవమ్మ ఆదివారం పెద్దాపురం నుంచి వస్తానని కబురు చేసింది. శుక్రవారం పొద్దున్న ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారూ, గారెలు తినాలనుందండీ. వేడివేడిగా, అల్లప్పచ్చడి నంజుకుని" అంది.

పల్లాలమ్మకి కళ్ళు చెమర్చాయి. "ఎంతమాట తల్లీ! కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. గారె పెట్టకుండా పంపిస్తే మీ అమ్మ ముందు మా మొహాలు ఎక్కడ పెట్టుకుంటాం?"

"ఉన్నచోటే ఉంటాయిలేవే, కంగారుపడకు" అన్నాడు గవర్రాజు.

ఇంట్లో చూస్తే మినప్పప్పు లేదు. మనమైతే ఏం చేస్తాం? ఏదో ఒక కొట్టుకెళ్ళి ఓ కిలో తెచ్చి నానేస్తాం. వీళ్ళు అలా చేస్తే ఇంక తెలివెందుకు? ఆ ఊళ్ళో రెండు సూపర్ మార్కెట్లున్నాయి. మెయిన్ రోడ్డులో అద్దాల మేడలాంటి 'వైభోగం', బస్టాండు వెనక రేకుల షెడ్డులో 'కారుచౌక బజారు'. అన్నీ తగ్గింపు ధరలే అని కారుచౌక వాళ్ళు మైకులో అరుస్తుంటారు. ఏది మంచిదో తేల్చకుండా పప్పు ఎలా కొంటాం అని గవర్రాజు అరుగుమీద కూర్చున్నాడు. కొడుకులు చెరోపక్కా కూర్చున్నారు. మధ్యాహ్నం అయింది. ఏమీ తేలలేదు.

పక్కింటి సుభద్రమ్మ గోడమీంచి చూసి, "ఏంటండీ అన్నయ్యగారూ, అంతలా ఆలోచిస్తున్నారు?" అంది. విషయం చెప్పారు. ఆవిడ నవ్వి, "ఎక్కడైనా ఒకటేనండీ. కాకపోతే వైభోగంలో ధర కాస్త ఎక్కువ. ఆ ఏసీ ఖర్చు కూడా అందులోనే కలిపేస్తారు కదా!" అంది.

అంతే! గవర్రాజు లేచి నిలబడ్డాడు. "విన్నార్రా? అక్కడ పప్పు కొంటే ఏసీ కూడా కొన్నట్టే. అందరూ డబ్బిచ్చి గాలి అక్కడే వదిలేసి వచ్చేస్తున్నారు. ఎంత తెలివితక్కువ జనం!"

ఇంకేముంది, తండ్రీ చిన్నకొడుకూ సంచి పట్టుకుని వైభోగానికి వెళ్ళారు. మినప్పప్పు కొన్నారు, డబ్బిచ్చారు, పప్పు సంచిలో వేసుకున్నారు. నూకరాజు ఏసీ కిందకెళ్ళి సంచి మూతి తెరిచాడు. "నాన్నా, పప్పు అడ్డొస్తోంది, గాలి దూరడం లేదు!"

"తీసి అవతల పెట్టరా. సంచి ఒకటే కదా."

పప్పు తీసి అక్కడ బల్లమీద పెట్టారు. సంచి నిండా చల్లగాలి పట్టారు. మూతికి తాడు బిగించి కట్టి, గాలి నలిగిపోకుండా ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ ఇంటికొచ్చారు. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రది "సార్, మీ పప్పూ!" అని వెనకాలే అరిచింది. "ఉంచుకోమ్మా, మా వాటా మేం తీసుకున్నాం" అన్నాడు గవర్రాజు దర్జాగా.

ఇంట్లో మంగతాయారుని పీటమీద కూర్చోబెట్టి, ఆ పిల్ల మొహం మీద సంచి విప్పారు. "చల్లగా ఉందా వదినా?" అన్నాడు నూకరాజు.

"సంచి వాసనొస్తోంది. పప్పేదీ?"

"పప్పు ఎక్కడైనా దొరుకుతుందమ్మా. గాలి దొరకొద్దూ!" అన్నాడు మావగారు. పల్లాలమ్మ సంచిని వెలుతురుకి పట్టి చూసి, "గుడ్డసంచి కదండీ, దారంతా కారిపోయుంటుంది" అంది. వైభోగం మంచిది కాదనీ, ఇంటికొచ్చేసరికి సరుకు మిగలదనీ అందరూ ఒప్పుకున్నారు. ఆ పూట ఆ పిల్ల చారన్నం తిని పడుకుంది.

మర్నాడు సుభద్రమ్మకి ఈ సంగతి తెలిసింది. నెత్తి కొట్టుకుని, "పోనీ ఆ కారుచౌకకే వెళ్ళండి బాబూ. తగ్గింపు ఉన్నవి చూసి తెచ్చుకోండి" అంది.

ఈసారి తండ్రీ కొడుకులు ముగ్గురూ వెళ్ళారు. మినప్పప్పు దగ్గర నిలబడి చూశారు. దానిమీద తగ్గింపు బిళ్ళ లేదు. "ఛీ, ఇది ముట్టుకోకండ్రా" అన్నాడు గవర్రాజు. చీపుళ్ళమీద ఉంది. ఫినాయిల్ మీద ఉంది. కుక్కబిస్కట్ల మీదైతే ఎర్రబిళ్ళ, ఈ చివర్నించి ఆ చివరిదాకా. ఇంకేముంది, అవన్నీ బుట్టలో పడ్డాయి. కౌంటర్లో పిల్ల బిల్లు చేతిలో పెట్టి, "సార్, ఇవాళ మీకు చాలా ఆదా అయింది" అంది చిరునవ్వుతో.

గవర్రాజు చెయ్యి చాపాడు. "ఇవ్వమ్మా మరి."

"ఏంటి సార్?"

"ఆదా అయిందన్నావు కదా, ఆ డబ్బు."

"అది మీ దగ్గరే ఉంటుంది సార్!"

గవర్రాజు జేబు తడిమాడు. లేదు. వీర్రాజు జేబు తిప్పి చూశాడు. లేదు. "ఒరే నూకా, నీ దగ్గరుందా?" "నా దగ్గర లేదన్నయ్యా, ఒట్టు!" "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, తియ్!" అంతే, కొట్టు మధ్యలో ఒకడి చొక్కా ఒకడు విప్పి దులిపారు. వెనక వరసలో జనం బుట్టలు కింద పెట్టేసి తమాషా చూస్తున్నారు. మేనేజరు పరిగెత్తుకొచ్చి, వీళ్ళని వదిలించుకుంటే చాలనుకుని, "సార్, ఎంత ఎక్కువ కొంటే అంత ఎక్కువ ఆదా సార్" అన్నాడు.

"అదీ సంగతి!" అన్నాడు వీర్రాజు. "కొంచెమే కొన్నాం నాన్నా, అందుకే ఆదా కంటికి కనపడటం లేదు. బాగా కొంటే కనపడుతుంది." ఇంకేముంది! మళ్ళీ లోపలికెళ్ళారు. చేతిలో ఉన్నదంతా అయిపోయేదాకా కొన్నారు. ట్రాలీ ఆటో కట్టించుకుని చీపుళ్ళు, ఫినాయిలు, కుక్కబిస్కట్లతో ఊరేగింపుగా ఇంటికొచ్చారు.

మంగతాయారు గుమ్మంలో ఎదురుచూస్తోంది. చీపుళ్ళు దిగాయి. ఇంకా చీపుళ్ళు దిగాయి. ఆ పిల్ల ఆటోలోకి తొంగిచూసింది. "పప్పేదండీ?" అంది మొగుడితో.

"పప్పుకి తగ్గింపు లేదు మంగా. నష్టపోతాం" అన్నాడు వీర్రాజు ప్రేమగా. గవర్రాజు ఓ కుక్కబిస్కట్టు టీలో ముంచుకుని కొరికి, "కాస్త ఉప్పు తక్కువగానీ బానే ఉందే. తిను తల్లీ" అని చేతిలో పెట్టాడు.

అంతే, ఆ పిల్ల భోరుమంది. "నాకు చీపుళ్ళొద్దు, గాలొద్దు. ఒక్క గారె చాలు. రేపు మా అమ్మ వచ్చేస్తుంది" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత ఏడుపు చూస్తే రాయికైనా మనసు కరుగుతుంది. వాళ్ళకీ కరిగింది. తెలివి లేదేమోగానీ, ఆ ఇంట్లో ప్రేమకేం తక్కువ లేదు. అందరూ కలిసి ఏడ్చారు.

ఏడుపు విని సుభద్రమ్మ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఇదిగో, నా మాట సరిగ్గా వినండి. వైభోగంలో ఓ కిలో, కారుచౌకలో ఓ కిలో మినప్పప్పు తెండి. ఇంకేమీ తేవద్దు. వండి రుచి చూస్తే ఏది మంచిదో మీకే తెలుస్తుంది. ఈ డబ్బు తీసుకోండి, తరవాతివ్వచ్చు."

ఈసారి అక్షరం పొల్లుపోకుండా చేశారు. ఆ రాత్రే రెండు పప్పులూ వేరువేరుగా నానాయి, ఆదివారం పొద్దున్నే వేరువేరుగా రుబ్బుడయ్యాయి. పల్లాలమ్మ మూకుడు పెట్టింది. మొదటి వాయి దిగింది. ఆ కమ్మటి వాసనకి మంగతాయారు పళ్ళెం తెచ్చుకుని కూర్చుంది.

"ఆగమ్మా ఆగు!" అన్నాడు గవర్రాజు. "ఏది మంచిదో ఇంకా తేలలేదు. కడుపుతో ఉన్న పిల్లకి నాసిరకం గారె పెడతామా? ముందు మేం చూస్తాం."

వైభోగం గారె ఒకటి, కారుచౌక గారె ఒకటి తిన్నారు. "వైభోగానిదే మెత్తన" అన్నాడు వీర్రాజు. "కారుచౌక గారెకి చిల్లు పెద్దది నాన్నా, తగ్గించింది అక్కడే!" అన్నాడు నూకరాజు. చిల్లు పెట్టింది వాళ్ళమ్మ వేలే. ఆవిడ కూడా వేలు చూసుకుని, "అవును, మోసమే" అంది. రెండో వాయి వచ్చేసరికి మొదటి వాయి రుచి మర్చిపోయారు. మళ్ళీ మొదట్నించీ తిన్నారు. మూడో వాయికి నూకరాజు మాట మార్చాడు. నాలుగో వాయికి ఏ పళ్ళెం ఏ కొట్టుదో కలిసిపోయింది. "ఏవండీ, నాకొక్కటి" అంటుంది మంగతాయారు. "నీకోసమే కదా తింటున్నాం!" అంటాడు వీర్రాజు, నోటినిండా గారెతో.

చివరికి రెండంటే రెండు మిగిలాయి. గవర్రాజు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇదేరా! ఇదే మంచి గారె! తేలిపోయింది!" అని గంతేశాడు.

అంటే మిగిలింది చెడ్డదన్నమాట. చెడ్డ గారె భార్యకి ఎలా పెడతాడు? వీర్రాజు త్యాగం చేసి తానే తినేశాడు. అందరికంటే ఎక్కువ తిన్నది వాడే. పొట్ట బిర్రబిగిసి, నడుం మీద చెయ్యేసుకుంటే తప్ప నిలబడలేకపోతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆటో దిగింది రాఘవమ్మ. కూతురి మొహం చూసింది, ఖాళీ పళ్ళెం చూసింది. "ఏమే, గారెలు తిన్నావా?"

"వాసన చూశానమ్మా" అంది మంగతాయారు.

రాఘవమ్మకి ఒళ్ళు మండిపోయింది. "చాలు సంబడం! మా వీధి చివర కిరాణా కొట్లో పప్పు తెచ్చి క్షణంలో వండి పెడతాను. ఎక్కండి, ఎక్కండి, పొద్దుపోతోంది!" అని కూతుర్నీ అల్లుణ్ణీ కేకేసి, కోపంగా వెళ్ళి ఆటోలో ఓ మూల కూర్చుంది.

దొండపాటి వారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కిరాణా కొట్టు! అది చూడనే లేదురా! పోటీ ఇంకా అవలేదు!" అన్నాడు గవర్రాజు. పైగా వియ్యపురాలు నోరారా ఎక్కమంది. ఇంకేముంది, గవర్రాజు ఎక్కాడు. పల్లాలమ్మ ఎక్కింది. నూకరాజు డ్రైవరు పక్కన ఎక్కాడు. వీర్రాజు "అబ్బా, అమ్మా" అంటూ ఎక్కాడు. ఉత్త చేతులతో వెళ్తే బావుండదని రాఘవమ్మ ఒళ్ళో చీపుళ్ళ కట్టలు పేర్చారు. ఆవిడకి ఆకాశం కూడా కనపడటం లేదు.

"ఏవండీ, మరి నేనో?" అంది గుమ్మంలోంచి మంగతాయారు.

"చోటేదీ? నువ్వు ఇల్లు చూస్తూ ఉండు మంగా. తేలగానే నీకు తెస్తాం!"

"అందరూ ఎక్కారా?" అని చీపుళ్ళ వెనకనించి గొంతు వినపడింది. "ఎక్కాం వదినగారూ!" అంది పల్లాలమ్మ. ఆటో వెళ్ళిపోయింది.

మంగతాయారు ఖాళీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. అంతలో గోడ అవతల మూకుడు చుయ్యిమంది. "రావే పిల్లా, పీటేశాను" అని పిలిచింది సుభద్రమ్మ. వేడివేడి గారెలు, పక్కన అల్లప్పచ్చడి. ఆ పిల్ల కడుపునిండా తింది. తిన్నాక వేళ్ళు నాక్కుంటూ, "పిన్నిగారూ, ఇది ఏ కొట్టు పప్పండీ?" అంది.

"ఏమోనే, గుర్తులేదు. ఇంకో రెండు వేసుకో" అంది సుభద్రమ్మ.

అక్కడ పెద్దాపురంలో పురిటికొచ్చే పిల్ల కోసం వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. రాఘవమ్మ అత్తగారికి చూపు సరిగ్గా ఆనదు, ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని ఆవిడే ముందుకొచ్చింది. రాఘవమ్మ ఇంకా చీపుళ్ళలోంచి బయటపడలేదు. వీర్రాజు నడుం మీద ఓ చెయ్యి, పొట్ట మీద ఓ చెయ్యి వేసుకుని, మూలుగుతూ మెల్లగా దిగాడు.

"మెల్లగా తల్లీ, మెల్లగా" అని ముసలావిడ వాడి చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. ఆ పొట్ట ఆప్యాయంగా నిమిరి, "ఎన్నో నెలే అమ్మా?" అంది.

వీర్రాజు ఆయాసపడుతూ, "నెల తెలీదు మామ్మగారూ" అన్నాడు. "తొమ్మిదో వాయి."